మొదటి దండెం

వానాకాలంలో ఆరిన దుప్పటి ఇవ్వగలిగినవాడు మా ఊళ్ళో నేనొక్కణ్ణే. అందుకే నన్ను అందరూ దుప్పట్లాయన అనేవారు. ఆస్పత్రి, రైల్వే విడిది, బస్టాండు ఎదుటి లాడ్జీలు అన్నీ మా లాండ్రీకి కట్టుబడి ఉండేవి. ఎండలు కాసే రోజుల్లో దుప్పటి ఎవడైనా ఆరబెడతాడు. ముసురు పట్టి వదలనప్పుడు ఎవడు ఆరబెడితే వాడు చెప్పిందే ధర. ఆ కిటుకు మా నాన్న కనిపెట్టాడు. నేను దాన్ని వ్యాపారంగా మార్చాను. దాన్ని నిలబెట్టింది మాత్రం నా భార్య.

కిటుకంటే దాచుకునేదేమీ కాదు, ఊరందరికీ కనిపించేదే. ఊరి చివర పల్లంలో ఒక కంపెనీవాళ్ళ చమురు బావి ఉంది. చమురుతో పాటు గ్యాసు కూడా పైకి వస్తుంది. చమురు ట్యాంకర్లలో వెళ్ళిపోయేది. గ్యాసును అమ్మాలంటే శుద్ధి చేయాలి, గొట్టాలు వేయాలి. ఆ బాధ ఎందుకని కంపెనీ దాన్ని లావుపాటి గొట్టంలోంచి ఒక గోతిలోకి వదిలి కాల్చేసేది. ఆ మంట మనిషికి రెండింతల ఎత్తు లేచి, వానలో కూడా బుసకొడుతూ మండేది. దాని పక్క నేల ఎవరికీ అక్కర్లేని రోజుల్లో నాన్న కౌలుకు తీసుకుని, రాటలు పాతి, పైన రేకులు వేసి, మంట వైపు గోడ లేకుండా వదిలేసి దండేలు కట్టాడు. మేము దాన్ని దొడ్డి అనేవాళ్ళం.

దొడ్డిలో మొదటి దండెం మంటకు అన్నిటికన్నా దగ్గర. దాని మీద గుడ్డ చూస్తుండగానే ఆరిపోతుంది, కానీ మసి చుక్కలు పడతాయి. అందుకని దాని మీద ముతక రగ్గులు, రైల్వేవాళ్ళ ముదురు నీలం యూనిఫారాలు తప్ప తెల్లగుడ్డ వేయకూడదని నాన్న మొదటి రోజే కట్టడి చేశాడు. ఆస్పత్రి దుప్పట్లు మూడో దండెం నుంచి మొదలు. కొత్తగా చేరిన పనివాళ్ళెవరైనా తెలియక మొదటి దండెం మీద తెల్లది వేస్తే నా భార్య ఒక్క మాట అనేది కాదు. మసి పడిన దుప్పటి తీసి వాళ్ళ చేతిలోనే పెట్టి ఉతికించేది. మళ్ళీ ఎవరూ ఆ పని చేయలేదు.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో కంపెనీ మేనేజరు మా కొట్టుకు వచ్చాడు. అతని చొక్కాలు వారం వారం వచ్చేవి గానీ అతను రావడం అదే మొదలు. కుర్చీ వేశాను. టీ తెప్పించాను.

"వ్యాపారం ఎలా ఉంది?" అన్నాడు.

"మీ దయ. మీ మంట దయ."

నవ్వాడు. "దాని గురించే వచ్చాను. ప్రభుత్వం కొత్త నియమం తెచ్చింది. ఇకమీదట గ్యాసు ఊరికే కాల్చకూడదట. కాల్చకుండా గాల్లోకి వదలడమైతే, అత్యవసరమైతే తప్ప, అసలే కూడదట. కాల్చుకుంటామంటే నియంత్రణ మండలి దగ్గర మినహాయింపు తెచ్చుకోవాలి."

"ఇస్తారా?"

"విచారణ పెడతారు. మేము రెండు సంగతులు రుజువు చేయాలి. దగ్గర్లో ఆ గ్యాసు కొనేవాడెవడూ లేడని ఒకటి. మంట వల్ల చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బంది లేదని ఇంకొకటి. మొదటిది మా ఇంజనీరు చూసుకుంటాడు. రెండోది మీరు చెప్పాలి. ఆ మంటకి మీకన్నా దగ్గరి చుట్టం ఎవరున్నారు?"

"చుట్టరికం సరే. చెబితే నాకేంటి?"

"మంట ఉంటుంది. మీ దండేలు ఉంటాయి."

"అవి ఇప్పుడూ ఉన్నాయిగా."

అతను టీ కప్పు కింద పెట్టాడు. "మా క్యాంపుల యూనిఫారాలన్నీ మీకే ఇప్పిస్తాను."

"గెస్టు హౌస్ కర్టెన్లు?"

"అవి కూడా."

ఆ పూట నేను ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాను. నేను చెప్పాల్సింది అబద్ధం కాదు, దాని మీద పైలాభం. అంతకన్నా మంచి బేరం ఎక్కడ దొరుకుతుందని నా లెక్క.

ఇంట్లో నాన్నా, నా భార్యా చెరో కొస పట్టుకుని దుప్పట్లు మడత పెడుతున్నారు. చెప్పాను. ఆమె మడత ఆపలేదు.

"ఇబ్బంది లేదని చెబుతారా?" అంది.

"లేదుగా."

"మొన్న మంట ఆరిపోయింది. ఈ వానల్లో అది మొదటిసారి కూడా కాదు."

"గాలివానకి ఆరుతుంది. వాళ్ళ మనిషి వచ్చి మళ్ళీ అంటిస్తాడు."

"ఆ మనిషి క్యాంపు నుంచి రావాలి. వచ్చేదాకా గ్యాసు ఆగదుగా, వస్తూనే ఉంటుంది. అది ఎటు పోతోంది?"

"గాల్లోకి."

"మేము పీల్చేదీ ఆ గాలే. కుళ్ళిన గుడ్ల వాసన. మొన్న మనవాళ్ళలో ఒకామె తల తిరిగి దుప్పట్ల గుట్ట మీద కూలబడింది. మెత్తగా ఉంది కాబట్టి సరిపోయింది."

నాన్న కలగజేసుకున్నాడు. "మంట మంచిదే. దాన్ని ఆరనివ్వడమే తప్పు. ఆరినప్పుడు నాకు చెప్పండి, నేనే వెళ్ళి అంటిస్తాను."

"మీకు చెప్పకపోవడమే మంచిది మామయ్యా," అంది ఆమె, ఆ కొస కూడా తన చేతిలోకి తీసుకుంటూ.

నేను యూనిఫారాలకు ఇంకో ఇస్త్రీ బల్ల ఎక్కడ వేయాలా అని గది కొలుస్తున్నాను. ఆమె మాటలు విన్నాను గానీ, వాటికి ఏ విలువ కట్టాలో నాకప్పటికి తెలియలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఊళ్ళో జ్వరాలు మొదలయ్యాయి. ఆస్పత్రి నుంచి మూటల మీద మూటలు వస్తున్నాయి. ఒక మధ్యాహ్నం అటూ ఇటూ ఊపే గాలితో వాన కొట్టింది. సాయంత్రానికి దుప్పట్లు అందించాలి కాబట్టి నాన్నతో, నా భార్యతో పాటు నేను కూడా దొడ్డిలోనే ఉండి, అవతలి చివర ఆరినవి బండికి ఎక్కిస్తున్నాను. ఉన్నట్టుండి వీపు మీద వెచ్చదనం పోయింది. తిరిగి చూస్తే మంట లేదు. గొట్టం నోట్లోంచి గ్యాసు మాత్రం చక్రం గాలి దిగిపోతున్నట్టు సుయ్యిమని వస్తోంది.

బయటివాడెవడైనా గ్యాసు వాసన తగిలితే దూరంగా పరిగెడతాడు. చేతిలో తడి దుప్పటి ఉన్నవాడు మాత్రం మంట ఎందుకు ఆరిందా అని దగ్గరికి వెళతాడు. ఆ పొరపాటు మా ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. నాన్న దండేలు పైకెత్తే గడకర్ర తీసుకుని, కొసకు గుడ్డ చుట్టి, కిరసనాయిలులో ముంచి అంటించాడు. కంపెనీ మనిషి అలా చేయడం ఆయన ఎన్నోసార్లు చూశాడు. ఆ మనిషి ముందు బావి దగ్గర గ్యాసు కట్టేసి, గాలికి అంతా పోయాక వచ్చేవాడన్న సంగతి ఆయన చూడలేదు.

"మామయ్యా, ఆగండి," అని నా భార్య కేక వినపడింది. నేను దుప్పట్ల మధ్య నుంచి తప్పించుకుని వచ్చేలోగా ఆయన గోతి చుట్టూ ఉన్న కంచె సందులోంచి దూరాడు.

అంటుకున్నది గోతిలో మాత్రమే కాదు. గోతి చుట్టూ పల్లమంతా గ్యాసు పరుచుకుని ఉంది. ఆ పల్లమంతా ఒక్కసారిగా లేచింది. పెద్ద చప్పుడేమీ కాదు, బరువైన దుప్పటి గట్టిగా దులిపితే వచ్చేంత. కానీ మొదటి దండెం మీద రైల్వే యూనిఫారాలు నిలువునా అంటుకున్నాయి.

నా భార్య అప్పుడే వేసిన తడి దుప్పట్లు దండెం మీద నుంచి రెండు చేతులా లాగి, వాటిని తలమీదుగా కప్పుకుని, ఆ మంట వైపే పరిగెత్తింది. ఒకటి నాన్న మీద కప్పింది, ఇంకొకటి ఆయన కాళ్ళకు చుట్టింది, బురదలో దొర్లించింది. నేను చేరేసరికి చేయాల్సిందంతా అయిపోయింది. ఇద్దర్నీ ఈడ్చుకు రావడమే నా వంతు.

నాన్నకు చేతులు బొబ్బలెక్కాయి. ముందు జుట్టు, కనుబొమలు పూర్తిగా పోయాయి. దుప్పటి తీసి చూస్తే, నల్లబడిన ముఖంతో, "అంటుకుందా?" అని అడిగాడు.

అంటుకుంది. గోతిలో మంట ఏమీ ఎరగనట్టు మళ్ళీ నిలువుగా మండుతోంది.

ఆస్పత్రిలో ఆయన్ని పడుకోబెట్టి నర్సు మా దుప్పటే కప్పింది. ఆయన కట్టు కట్టని రెండు వేళ్ళతో దాని అంచు తడిమి, "బాగా ఆరింది," అన్నాడు. నా భార్య అప్పటిదాకా ధైర్యంగానే ఉంది. ఆ మాటకు గోడ వైపు తిరిగి ఏడ్చింది.

మర్నాడు మేనేజరు పండ్ల బుట్టతో వచ్చాడు. వైద్యం ఖర్చు కంపెనీదే అన్నాడు. నన్ను పక్కకు పిలవబోయాడు గానీ నేను మంచం దగ్గర నుంచి కదల్లేదు. అక్కడే చెప్పాడు.

"విచారణ దగ్గర పడింది. అక్కడ ఈ గొడవ ఎందుకు? మావాళ్ళ లెక్కలో నిన్న మంట ఆరనే లేదు."

"ఆరకపోతే నేను అంటించింది దేన్ని నాయనా?" అన్నాడు నాన్న.

మేనేజరు బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళాడు.

ఆ రోజే నా భార్య దొడ్డిలో దండేలన్నీ విప్పించేసింది. నన్ను అడగలేదు. తాళ్ళన్నీ చుట్టలు చుట్టించి ఇంటికి తెచ్చి, హాల్లో, పడక గదుల్లో, వరండాలో కట్టించింది. ఇల్లంతా తడి దుప్పట్లు. ఏ గదిలో ఎవరున్నారో తెలిసేది కాదు. భోజనానికి కూర్చుంటే కంచంలో నీళ్ళు కారేవి. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా ఒక్కటీ సరిగ్గా ఆరడం లేదు. ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది: ఇలా అయితే వేరే లాండ్రీ చూసుకుంటామని. లాడ్జీలవాళ్ళు కబురు కూడా పెట్టలేదు, మూటలు పంపడం మానేశారు.

ఒక సాయంత్రం నేను ఒక దుప్పటికి ఇవతల, ఆమె అవతల నిలబడి మాట్లాడుకున్నాం.

"రేపు విచారణ," అన్నాను.

"మీకు తోచింది చెప్పండి. నేను మాత్రం ఆ గోతి దగ్గరికి మన మనిషినెవర్నీ పంపను. నేను వెళ్ళను, మిమ్మల్నీ వెళ్ళనివ్వను."

"మంట లేకపోతే కొట్టు లేదు."

ఆమె దుప్పటి పక్కకు తప్పించి నా ముఖంలోకి చూసింది. "కొట్టుకి కావాల్సింది వేడి అండీ. మంట కాదు."

ఎన్నో ఏళ్ళుగా సరుకు కొని అమ్మినవాణ్ణి, సరుకు వేరు, అది వచ్చే సంచి వేరని నాకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

విచారణ పురపాలక భవనంలో. మండలి అధ్యక్షురాలు నెరిసిన జుట్టావిడ, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. ఆవిడకు అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. మేనేజరు ముందు వరసలో కూర్చుని నన్ను చూసి తల ఊపాడు. అతని పక్క కుర్చీలోనే, కనుబొమలు లేని ముఖంతో, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాన్న కూర్చున్నాడు. ఆ చోటు ఆయనే ఎంచుకున్నాడు.

ఇంజనీరు నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. బావి చిన్నది, గ్యాసు పెద్ద గొట్టం దాకా తీసుకువెళ్ళడం గిట్టదు, చుట్టుపక్కల కొనుగోలుదారు లేడు. తర్వాత నన్ను పిలిచారు.

"మంటకు దగ్గర్లో పనిచేసేది మీరేనట. ఇబ్బంది ఏమైనా ఉందా?" అని అడిగింది అధ్యక్షురాలు.

"ముందు వరసలో కూర్చున్నాయన మా నాన్న అమ్మా. ఈ వానాకాలం మొదట్లో ఆయనకి మా అందరికన్నా ఒత్తు కనుబొమలుండేవి." జరిగింది చెప్పాను. మంట ఆరితే గ్యాసు అలాగే వస్తూ ఉంటుందని, అంటించే మనిషి వచ్చేదాకా మా ఆడవాళ్ళు దాన్నే పీల్చేవాళ్ళని చెప్పాను. మేనేజరు చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. యూనిఫారాలు, కర్టెన్లు నా కళ్ళ ముందే వెళ్ళిపోయాయి.

"ఇంకేమైనా ఉందా?"

"ఇంజనీరు గారు ఒక మాట పొరపాటున అన్నారు. గ్యాసు కొనేవాడు లేడన్నారు. నేను కొంటాను."

హాల్లో ఎవరో నవ్వారు. అధ్యక్షురాలు నవ్వలేదు. "మీకు ఇప్పుడు ఊరికే వస్తోందిగా. డబ్బు ఎందుకు పెడతారు?"

"ఊరికే వచ్చేది ఆగిపోయినా, మీద పడినా అడిగే హక్కు ఉండదు అమ్మా. కొన్న సరుకు అయితే తూకం తగ్గినా వెళ్ళి గల్లా పట్టుకుంటాను." మేనేజరు వైపు తిరిగాను. "ధర చెప్పండి."

"ధరంటే... మేమెప్పుడూ అనుకోలేదు," అన్నాడతను.

"ధరే అనుకోకుండా కొనేవాడు లేడని ఎలా తెలిసింది సార్?"

ఇంజనీరు పాపం లేచాడు. "ఒక్క లాండ్రీ కోసం యంత్రం పెట్టి గొట్టం వేస్తే గిట్టదండీ. ఇది మాట వరసకి అంటున్నది కాదు."

అతని మాటలో న్యాయం ఉంది. అతని కుర్చీలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటుండగా వెనక వరసలోంచి నా భార్య లేచింది.

"ఒక్క లాండ్రీ కాదండీ. ఆస్పత్రిలో నీళ్ళు కాచే బాయిలరుంది, డీజిలు పోస్తున్నారు. రొట్టెల బట్టీ ఉంది, కట్టెలు తడిసి వాళ్ళకి పొగ తప్ప వేడి లేదు. ఇద్దరూ మా వీధి వైపే. నిన్న మూటలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అడిగాను. ధర న్యాయంగా ఉంటే తీసుకుంటామన్నారు."

రొట్టెల బట్టీ ఆయన లేచి, "అన్నాను," అని కూర్చున్నాడు. ఆస్పత్రి పెద్ద డాక్టరు కూర్చునే చేయెత్తాడు.

ఈ సంగతి ఆమె నాకు ముందుగా చెప్పలేదు. ఊళ్ళో బేరగాణ్ణి నేనే అనుకుంటూ వచ్చాను. ఆమె రెండు వాకిళ్ళు తిరిగి సరుకుకు గిరాకీ కూడగట్టుకుని, నాకు ఒక్క మాట మాత్రం అందించి హాల్లో నిలబెట్టింది. ఆ పూట నాకు కలిగిన గర్వం ఏ పెద్ద బేరం కుదిరినప్పుడూ కలగలేదు. నాన్న వెనక్కి తిరిగి, పక్కవాళ్ళందరికీ వినపడేలా, "మా కోడలు," అన్నాడు.

మండలి మినహాయింపు ఇవ్వలేదు, గొట్టం వేసి గ్యాసు మా ముగ్గురికీ అమ్మమంది. గొట్టం పడేదాకా మాత్రం, మంట ఆరితే తనంతట తాను అంటుకునే ఏర్పాటు పెట్టి, అది కూడా పనిచేయకపోతే బావి కట్టేసి మండలికి తెలియజేయాలన్న షరతు మీద కాల్చుకోనిచ్చారు. అన్నాళ్ళూ ఆస్పత్రివాళ్ళు తమ బాయిలరు గదిలోనే మా దండేలు కట్టుకోనిచ్చారు. దుప్పట్లు వాళ్ళవే కాబట్టి అద్దె అడగడానికి మొహం చెల్లలేదు.

ధర దగ్గర మేనేజరూ నేనూ గట్టిగానే పోట్లాడుకున్నాం. చివర్లో అతను, "మీరు నా వైపు ఉంటే బాగుండేది," అన్నాడు. "సరుకు ఇప్పుడు అమ్ముతున్నారుగా. మీ వైపే ఉన్నాను," అన్నాను. అతని చొక్కాలు మళ్ళీ రావడం మొదలైంది. యూనిఫారాలు మాత్రం రాలేదు.

వానలు వెనకపడుతుండగా గొట్టం పడింది. దొడ్డి నేలలో కాకుండా, మా కొట్టు వెనక నాలుగు గోడల ఆరబెట్టే గది కట్టాం. ఊరికే వచ్చేదాన్ని కొనుక్కున్న తెలివైనవాడని ఊళ్ళో నన్ను ఏడిపించారు. ఏడిపించినవాళ్ళ దుప్పట్లు కూడా ఆ గదిలోనే ఆరాయి.

గోతిలో మంట ఆపేసిన సాయంత్రం మేమంతా దొడ్డికి వెళ్ళాం. మనుషులు చాలామందే వచ్చారు. ఇంజనీరు గొట్టం మూసే చక్రం తిప్పాడు. మంట కుంగింది, నీలంగా ఒక్క నిమిషం ఆడింది, పోయింది. ఈసారి సుయ్యిమనే చప్పుడు కూడా లేదు. చెవులకు అలవాటైన హోరు పోయేసరికి దూరంగా రోడ్డు మీద బండ్ల మోత వినిపించింది. నాన్న అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కనుబొమలు తెల్లగా, పలచగా మొలుస్తున్నాయి.

నా భార్య చంకలో ఉతికి పిండిన ఆస్పత్రి దుప్పటి ఒకటి తెచ్చింది. ఎందుకని నేను అడగలేదు. మొదటి దండెం కట్టే రాటలకు తాడు లాగి బిగించి, ఆ తెల్ల దుప్పటి దాని మీద వేసి, ముడతలు సరిచేసి, ఇంటికి వచ్చేసింది.

తెల్లవారాక ముగ్గురం వెళ్ళాం. నాన్న ముందు నడిచి, వెనకటి అలవాటు కొద్దీ దాని అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు.

"తడిగా ఉందే అమ్మాయ్."

"అవును మామయ్యా."

ఆయన దాన్ని దండెం మీద నుంచి తీసి, పూర్తిగా విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎక్కడా ఒక్క చుక్క లేదు. చాలాసేపు చూసి, జాగ్రత్తగా మడత పెట్టి నా చేతికిచ్చాడు.

"పట్టుకెళ్ళి గదిలో ఆరెయ్," అన్నాడు. "మనం కొనుక్కున్న వేడేగా."